కంప్యూటరు నవీకరణ

పాత కంప్యూటరులో కొన్ని భాగాలను మాత్రమే మార్చి దాని సామర్థ్యాన్ని పెంచడాన్ని కంప్యూటరు నవీకరణ అంటారు. ఆటల కొరకు తక్కువ ఖర్చుతో కొత్త డెస్క్‌టాప్ కూర్చుకోవడం దీనికి ప్రత్యామ్నాయం. వీటిలో ఏది లాభదాయకమనేది ప్రధానంగా మదర్‌బోర్డుపై ఆధారపడి ఉంటుంది.

2016లో వచ్చిన ఏఎమ్‌డీ వారి ఏఎమ్4 సాకెట్టు గల అనేక బోర్డులలో, బయోస్‌ను తాజాపరచి, 2022లో విడుదలైన రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసరును అమర్చవచ్చు. ఇటువంటి సందర్భాలలో నవీకరణే మేలు. డీడీఆర్3 మెమరీ స్లాట్లలో డీడీఆర్4 పట్టదు. అందువలన అటువంటి పాత కంప్యూటర్లలో కొత్త తరం ప్రాసెసరు కావాలంటే బోర్డు, మెమరీ కూడా మార్చవలసి వస్తుంది. అప్పుడు ఖర్చు కొత్త కంప్యూటరుకు దగ్గరవుతుంది.

గ్రాఫిక్స్ కార్డుకు స్లాటు ద్వారా 75 వాట్ల వరకే విద్యుత్తు అందుతుంది. అంతకు మించిన కార్డులకు ఎస్‌ఎమ్‌పీఎస్ నుండి ప్రత్యేక తీగ అవసరం. కనుక కార్డు కొనేముందు ఎస్‌ఎమ్‌పీఎస్ సామర్థ్యాన్ని పరిశీలించాలి.