రెండు తీగల మీద యంత్రాల సంభాషణ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని సుక్మా జిల్లాలో జగర్గుండా అనే గ్రామం ఉన్నది. దానికి ఉత్తరదిశగా వ్యాపించిన కొండలే బైలదిలా. ఎద్దు మూపురాన్ని పోలిన శిఖరాల వల్ల ఆ శ్రేణికి ఆ పేరు వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968 నుండి అక్కడ ఇనుప ఖనిజాన్ని త్రవ్వుతున్నది. కొండపై పిండి చేసిన ఖనిజం కన్వేయర్ బెల్టుల మీద కిరందుల్, బచేలీలకు దిగి, రైలుమార్గాన విశాఖపట్నం చేరుతుంది.

ఇటువంటి కర్మాగారాలలో ఒక బెల్టు మీది సరుకు మరొక బెల్టు మీద పడుతూ ఉంటుంది. క్రింది బెల్టు ఆగిన సంగతి పై బెల్టుకు తెలియకపోతే, కొద్ది నిమిషాలలోనే అక్కడ ఖనిజం గుట్టపడుతుంది. కనుక మోటార్లు, తూకపు పరికరాలు, ఉష్ణమాపకాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనవలసిందే. ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క తీగను లాగుతూ పోతే ఖర్చుకు అంతుండదు. ఒకే జత తీగల మీద సంకేతాలను ఒకదాని వెనుక ఒకటిగా పంపే పద్ధతి ఇందుకు మార్గం చూపింది. దీనినే సీరియల్ కమ్యూనికేషన్ అంటారు.

1960లో అమెరికాలో రూపొందిన ఆర్.ఎస్.-232 ప్రమాణం రెండు పరికరాలను మాత్రమే, అదీ కొద్ది మీటర్ల దూరంలోనే కలపగలిగేది. 1983లో వచ్చిన ఆర్.ఎస్.-485 ఈ పరిమితిని చెరిపివేసింది. మెలిపెట్టిన రెండు తీగల మధ్య వోల్టేజీలోని తేడాయే ఇందులో సంకేతం. ప్రక్కనున్న మోటారు వల్ల కలిగే అలజడి రెండు తీగలనూ సమానంగా తాకుతుంది కనుక తేడా చెడదు. అందువల్ల 32 ప్రామాణిక పరికరాలను సుమారు 1,200 మీటర్ల వరకు కలుపవచ్చు.

తీగ ఉన్నంత మాత్రాన సంభాషణ జరగదు. భాష కూడా ఒకటి కావాలి. మాడికాన్ సంస్థ 1979లో ప్రకటించిన మాడ్‌బస్ అటువంటి భాష. ఇందులో ప్రశ్నించే యంత్రం ఒక్కటే. తక్కిన యంత్రాలకు 1 నుండి 247 వరకు సంఖ్యలుంటాయి. తన సంఖ్య పిలువబడిన యంత్రమే బదులు చెబుతుంది. మిగిలినవి మౌనం వహిస్తాయి. ప్రతి సందేశం చివర ఒక పరీక్షాంకం ఉంటుంది. దారిలో ఒక్క అక్షరం చెడినా అది సరిపోలదు; అప్పుడు ఆ సందేశాన్ని త్రోసిపుచ్చుతారు.

ఈ ఏర్పాటు చేసే సాంకేతికులు ముందుగా అన్ని పరికరాలకూ ఒకే వేగం, ఒకే పారిటీ, ఒకే స్టాప్ బిట్‌లను నిర్ణయిస్తారు. సెకనుకు 9,600 బిట్ల వేగంతో పది కొలతలను అడిగి తెలుసుకొనడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలును. ఏ రెండు యంత్రాలకూ ఒకే సంఖ్య ఉండరాదు. తీగ ఒక పరికరం నుండి మరొకదానికి దండలోని దారంలా సాగవలెనే గాని, చెట్టుకొమ్మలవలె చీలరాదు. దాని రెండు కొనలలోనూ 120 ఓముల నిరోధకాలను అమర్చాలి; లేకపోతే సంకేతం కొననుండి ప్రతిధ్వనివలె వెనుకకు మరలి, తరువాతి సంకేతాన్ని చెరుపుతుంది. 'ఎ', 'బి' తీగల గుర్తులు అన్ని తయారీదారుల వద్దా ఒకే విధంగా ఉండవు. అందుచేత ఒక్కొక్క పరికరాన్నే కలిపి, అది బదులిచ్చిన పిమ్మటే మరొకదానిని చేర్చడం అనుభవజ్ఞుల పద్ధతి.

మనుషుల నడుమ మౌనం అర్ధాంగీకారమంటారు. యంత్రాల నడుమ మాత్రం మౌనం ప్రమాదసూచన. తీగ తెగినప్పుడు కంట్రోల్ గదిలోని తెర పాత అంకెనే చూపుతూ కూర్చుంటే, అంతా సవ్యంగా ఉన్నదని భ్రమపడిన మనిషి మోసపోతాడు. నిర్ణీత వ్యవధిలో బదులు రాకపోతే ఆ అంకెను తొలగించి, హెచ్చరిక మ్రోగించే ఏర్పాటు తప్పనిసరి.

అంతకంటె ముఖ్యమైన నియమం మరొకటి ఉన్నది. బెల్టు ప్రక్కన పనిచేసే కార్మికుడు ఆపదలో లాగే త్రాడు ఈ సంభాషణ మీద ఆధారపడరాదు. దానికి ప్రత్యేకమైన తీగ ఉండాలి. ఆ తీగ తెగినా బెల్టు ఆగిపోవాలి. కొలతలు ఒక క్షణం ఆలస్యమైతే నష్టం స్వల్పమే. కాని ఆ త్రాడు లాగినప్పుడు బెల్టు ఆగడం ఒక్క క్షణం ఆలస్యమైనా, ఒక ప్రాణం పోవచ్చును.