సెకండ్ గేర్ ఎందుకు అలిగింది?

డిసెంబరులో ఓ ఆదివారం. పొద్దున్న ఆరున్నర. వికారాబాద్‌లో మా ఇంటి నుంచి తాండూరు బయల్దేరాను. అనంతగిరి మలుపుల్లో ముందు ఓ ఖాళీ లారీ నెమ్మదిగా పోతోంది. ఓవర్‌టేక్ చేద్దామని థర్డ్ నుంచి సెకండ్‌కి లాగాను. కర్ర్‌ర్‌మంది! అరచేతిలోకి వణుకు వచ్చింది. పంటి కింద రాయి పడితే ఎలా ఉంటుంది? అలా.

అది నా కారు కూడా కాదు. మా మేనమామది. 2002 మోడల్ హోండా సిటీ, 1.5 వీటెక్. నంబర్ ప్లేట్ మీద ఇంకా ఏపీ 28 అనే ఉంటుంది. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ బాగా నడిచిన రోజుల్లో మామ ఇష్టపడి కొనుక్కున్నాడు. మోకాళ్ల నొప్పులు వచ్చి క్లచ్ తొక్కలేక రెండేళ్ల కిందట తాళం నా చేతిలో పెట్టాడు. ఒకటే మాట అన్నాడు: "అమ్మకు. ఖరాబ్ చెయ్యకు."

నాలుగు తలుపులు, వెనక పెద్ద డిక్కీ. దీన్ని స్పోర్ట్స్ కార్ అంటే విదేశాల వాళ్లు నవ్వుతారేమో. కానీ అప్పట్లో మన రోడ్ల మీద మామూలు మనిషి కొనగలిగిన వేగం ఇదే. సుమారు టన్ను బరువుకి 106 హార్స్‌పవర్. అదే రోజుల్లో మారుతి 800కి ఉన్నది 37. 2003 చివర్లో కొత్త 'డాల్ఫిన్' సిటీ వచ్చాక ఈ మోడల్ ఆగిపోయింది. మైలేజీ కోసం చూసేవాళ్లు డాల్ఫిన్ వైపు వెళ్లారు. పికప్ రుచి తెలిసినవాళ్లు మాత్రం పాత వీటెక్‌నే పట్టుకుని కూర్చున్నారు.

ఇక రోగం సంగతి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సెకండ్ అస్సలు పడదు. బలవంతంగా తోస్తే అరుస్తుంది. పది కిలోమీటర్లు నడిచాక కాస్త మెత్తబడుతుంది. హైదరాబాద్‌లో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే టెస్ట్ డ్రైవ్ చేసి, "గేర్‌బాక్స్ దించాలి సార్, నలభై వేలు అవుతుంది" అన్నారు. నేను రాసేది కోడ్. ఏదైనా పాడైతే నాకొచ్చే మొదటి ప్రశ్న: చివరిసారి ఏం మార్చాం?

ఏం మార్చామా? నాకు గుర్తుంది. కారు నా చేతికొచ్చిన కొత్తలో ఉత్సాహంగా ఫుల్ సర్వీస్ చేయించాను. "గేర్ ఆయిల్ కూడా మార్చెయ్యండి" అని నేనే చెప్పాను. ఏ ఆయిల్ పోస్తున్నారో అడగలేదు. బిల్లు వాట్సాప్‌లో వెతికితే దొరికింది. 'గేర్ ఆయిల్ ఈపీ 90, 2 లీటర్లు' అని ఉంది.

తర్వాత గ్లోవ్ బాక్సులో ఇరవై ఏళ్లుగా ఎవరూ తెరవని ఓనర్స్ మాన్యువల్ తీశాను. అందులో ఈపీ 90 మాటే లేదు. హోండా వాళ్ల ఎంటీఎఫ్, అంటే మాన్యువల్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ వాడమంది. అది దొరక్కపోతే కొంతకాలానికి 10డబ్ల్యూ-30 లాంటి ఇంజిన్ ఆయిల్ పోసినా ఫర్వాలేదంది. గేర్‌బాక్సులో ఇంజిన్ ఆయిలా? నేనూ రెండుసార్లు చదువుకున్నాను.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, అసలు కిటుకు ఇదే. గేర్ మార్చినప్పుడు లోపల రెండు వేర్వేరు వేగాలతో తిరిగే భాగాలు ఒకదానితో ఒకటి కలవాలి. ఆ వేగాలను సమానం చేసేది సింక్రోనైజర్ రింగ్. మామూలుగా ఇత్తడితో చేస్తారు. ఇది ఒక చిన్న బ్రేక్ లాంటిది. గేరు కోన్ మీద రుద్దుకుని దాని వేగాన్ని సరిచేస్తుంది. అంటే ఆ కొద్ది క్షణం దానికి జారుడు కాదు, రాపిడి కావాలి. ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా, మరీ జారుడుగా ఉన్నా రింగ్ పట్టు తప్పుతుంది. వేగాలు కలవకముందే పళ్లు తగులుకుంటాయి. మనకు వినిపించే 'కర్ర్' అదే.

మరి ఈపీ 90 చెడ్డ ఆయిలా? కానే కాదు. గంధకం, భాస్వరం కలిసిన మందులు వేసి, విపరీతమైన ఒత్తిడిని తట్టుకునేలా చేస్తారు. దాని డబ్బాల్లో కొన్నిటి మీద జీఎల్-5 అని ఉంటుంది. లారీ వెనక యాక్సిల్‌లో ఉండే హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. వాటికి అలాంటి ఆయిలే ప్రాణం. మా సిటీ ఫ్రంట్ వీల్ డ్రైవ్. ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, డిఫరెన్షియల్ కూడా గేర్‌బాక్సులోనే ఉంటుంది, హైపాయిడ్ గేరే లేదు. దీనికి లారీ మందు పోస్తే లాభం సున్నా. పైగా వేడెక్కినప్పుడు కొన్ని రకాల్లోని గంధకం ఇత్తడిని తినేస్తుంది.

నంబర్లతో ఇంకో చిక్కుంది. ఇంజిన్ ఆయిల్‌కి ఒక కొలబద్ద, గేర్ ఆయిల్‌కి మరో కొలబద్ద. గేర్ ఆయిల్ 90 అంటే ఇంజిన్ ఆయిల్ 40, 50లకు దగ్గరి చిక్కదనం. అంతేగానీ 30కి మూడింతలు కాదు. అయినా మా కారు అడిగినదానికంటే చిక్కనే. అందుకే చలికాలం పొద్దున్నే అంత అలక. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది కూడా రెండు కొలబద్దలు కలగాపులగమైనందుకే. నాది అంత పెద్ద నష్టం కాదులెండి. కానీ మామకు మొహం చూపించాలి కదా.

ఆ డిసెంబరు ఆదివారం నేను తాండూరు బయల్దేరింది అందుకే. డిక్కీలో ఎంటీఎఫ్ డబ్బాలు, రెండు కొత్త అల్యూమినియం వాషర్లు, మీటరున్నర పైపు, గరాటు ఉన్నాయి. మామ అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. జరిగిందంతా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు.

"పద్దెనిమిదేండ్లు నడిపిన. ఒక్కనాడు గేరు అరవలే," అన్నాడు చివరికి. తిట్టినా బాగుండేది.

యూనిట్ ఆవరణలో నున్నగా కోసిన నాపరాతి బండలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నాలుగేసి బండలు పేర్చి, కారును జాకీతో లేపి వాటి మీద దించుదామని ఐడియా వేశాను. మామ చాయ్ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా అల్లుడా? గీ రాయి పొరలు పొరలుగ ఉంటది. గందుకే గంత సులువుగ బండలు తీస్తం. పైన టన్ను బరువు పెట్టి, కింద నువ్వు పంటవా?"

నిజమే. మీ ఇంట్లో ఏ రాయి, ఏ ఇటుక ఉన్నా దాని మీద కారు నిలబెట్టి కిందికి దూరొద్దు. ఒక్క జాకీని నమ్మి అసలే దూరొద్దు. జాక్ స్టాండ్లు కావాలి, లేదా గుంత ఉన్న షెడ్డు కావాలి. మామ నన్ను తన పాత లారీల ఉస్తాద్ షెడ్డుకి తీసుకెళ్లాడు. అక్కడ గుంత ఉంది. కారు సమతలంగా నిలబడింది. అది ముఖ్యం. కారు ఏటవాలుగా ఉంటే ఆయిల్ లెవెల్ తప్పుతుంది.

షెడ్డుకి వచ్చేముందు కారును పావుగంట తిప్పాం. ఆయిల్ వెచ్చబడితే పలచనై పూర్తిగా దిగుతుంది. ఉస్తాద్ నేరుగా కింది ప్లగ్ మీద చెయ్యి వేశాడు. "అన్నా, ముందు పైది," అని ఆపాను. పోసే రంధ్రం ప్లగ్ తెరుచుకుంటుందని తేలాకే కిందిది విప్పాలి. లేకపోతే ఆయిలంతా కారిపోయాక పైది పట్టేస్తే? కారు అక్కడే ఉండిపోతుంది. ఆయన నవ్వాడు. "సాఫ్ట్‌వేరోళ్లకి భయమెక్కువ," అంటూ 17 నంబర్ పానా తీసుకున్నాడు. పైది నిజంగానే మొండికేసింది. పానాకి పైపు తొడిగి లాగితే కదిలింది. తర్వాత ఆయనేమీ అనలేదు.

కింది ప్లగ్‌కి తల ఉండదు, 3/8 అంగుళాల చదరపు గుంట ఉంటుంది. సాకెట్ రాచెట్ కొన నేరుగా అందులో కూర్చుంటుంది. ఉలితో కొట్టే పని పెట్టుకోకండి. గుంట అరిగిందంటే కథ కంచికే.

ఆయిల్ దిగుతుంటే షెడ్డంతా ఘాటు వాసన. ఉస్తాద్ వేలికి అద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇది లారీల పోసేదే. వాసన పడితే ఎరుకైతది." తాండూరులో ఏ ఆయిల్ షాపుకెళ్లి గేర్ ఆయిల్ అడిగినా ముందు ఇచ్చేది ఇదేనట. బండల లారీలు, సిమెంటు లారీలు తిరిగే ఊళ్లో ఎక్కువ అమ్ముడుపోయేది అదే మరి.

ప్లగ్ కొనకున్న అయస్కాంతం మీద బూడిదరంగు పేస్ట్ ఉంది. అది మామూలే. విరిగిన పంటి ముక్కలుంటే భయపడాలి. లేవు. హమ్మయ్య అనుకుని ట్రేని ఎండలోకి జరిపాను. నల్లటి ఆయిల్‌లో సన్నగా బంగారు మెరుపు. అయస్కాంతానికి అంటని మెరుపు. ఇత్తడి. రింగ్ అరిగిన పొడి. మామ కూడా వంగి చూశాడు. నేను తలెత్తలేదు.

పావుగంట కారనిచ్చి, కొత్త వాషర్ వేసి ప్లగ్ బిగించాం. గేర్‌బాక్స్ తొడుగు అల్యూమినియంది. దీనికి 40 న్యూటన్ మీటర్లు చాలు. లారీ నట్టులా కాలితో తొక్కి బిగిస్తే మరలు ఊడిపోతాయి. నేను టార్క్ రెంచ్ 'టక్' అనగానే ఆపితే ఉస్తాద్‌కి నమ్మకం కలగలేదు. రెండుసార్లు చేత్తో తడిమి చూశాడు. బానెట్ పైనుంచి పైపు దించి గరాటుతో పోశాం. రెండు లీటర్లకి కాస్త తక్కువే పట్టింది. రంధ్రం అంచు నుంచి సన్నగా కారడం మొదలవగానే ఆపి, పై ప్లగ్ కూడా బిగించాం.

పాత ఆయిల్‌ని షెడ్డు వెనక మోరీలో పొయ్యబోతే నేనే వద్దన్నాను. అక్కడి నీళ్లు చివరికి చేరేది కాగ్నా నదికే. డబ్బాలో పట్టి, వేస్ట్ ఆయిల్ కొనుక్కెళ్లేవాళ్ల డ్రమ్ములో కలిపించాను.

మరి కారు బాగైందా? ఆ సాయంత్రం తిరిగొస్తుంటే థర్డ్, ఫోర్త్ వెన్నలా పడ్డాయి. సెకండ్ వేడి మీద మౌనంగా ఉంది. మర్నాడు పొద్దున చలిలో మళ్లీ అరిచింది, కాకపోతే ముందుకంటే చిన్నగా. ప్లగ్ విప్పినా మూలల్లో పాత ఆయిల్ కొంత మిగిలే ఉంటుంది కాబట్టి ఐదొందల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి మార్చాను. ఈసారి బంగారు మెరుపు చాలా తక్కువ. అరుపు ఇంకొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు. అరిగిన ఇత్తడిని ఏ ఆయిలూ తిరిగి పుట్టించదు. ఎప్పుడో ఒకప్పుడు ఆ నలభై వేలు పెట్టక తప్పదు. ఈ రెండు మార్పులకూ కలిపి నాకైన ఖర్చు నాలుగు వేల లోపే. ఆ రోజుని కొన్నేళ్లు వెనక్కి తోశానని నా ఆశ.

మొన్న మామ పక్క సీట్లో కూర్చుని అనంతగిరి దాకా వచ్చాడు. మలుపు దగ్గర నేను సెకండ్‌కి దించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తే. క్లచ్ ఇడువు. యాక్సిలేటర్ కొంచెం కొట్టు. మల్ల క్లచ్ తొక్కి, గిప్పుడు వెయ్యి." డబుల్ క్లచ్. కారు కొనకముందు ఆయన బండల లారీ తోలేవాడు. ఆ పాత లారీల్లో ఇలా చేయకపోతే గేరే పడేది కాదట. సింక్రో రింగ్ చేయాల్సిన పనిని మన కాలే చేసేస్తుందన్నమాట.

మొదటిసారి కుదర్లేదు. రెండోసారి కర్ర్‌మంది. మూడో మలుపులో చప్పుడు లేకుండా పడింది.

"ఇంక ఆరు మలుపులున్నయ్," అన్నాడు మామ, కిటికీ అద్దం దించుకుంటూ.