బ్రాంకో బిల్లీ ఆండర్సన్

బ్రాంకో బిల్లీ ఆండర్సన్ (మార్చి 21, 1880 - జనవరి 20, 1971) అమెరికాకు చెందిన మూకీ చిత్రాల నటుడు, రచయిత, దర్శకుడు, నిర్మాత. కౌబాయ్ చిత్రాల తొలి కథానాయకుడిగా ప్రసిద్ధి చెందాడు. ఇతని అసలు పేరు మాక్స్‌వెల్ హెన్రీ ఆరన్సన్.

తొలి జీవితం, సినీరంగ ప్రవేశం

ఆండర్సన్ ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్‌రాక్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. నాటకాలలో అవకాశాల కోసం న్యూయార్క్ చేరి, 1903లో ఎడ్విన్ ఎస్. పోర్టర్ తీసిన "ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ"లో ఒకటికి మించిన చిన్న పాత్రలు ధరించాడు. గుర్రపుస్వారీ రాకపోయినా వచ్చునని చెప్పి, చిత్రీకరణ సమయంలో గుర్రంపై నుండి పడిపోయాడని ప్రతీతి. ఆ చిత్రంలో ప్రేక్షకుల వైపు తుపాకీ పేల్చే దొంగ ఇతడేనని కొందరు పొరబడతారు. ఆ పాత్రధారి జస్టస్ డి. బార్న్స్.

ఎస్సనే సంస్థ

1907లో జార్జి కె. స్పూర్‌తో కలిసి షికాగోలో ఎస్సనే సంస్థను స్థాపించాడు. స్పూర్, ఆండర్సన్‌ల పేర్లలోని ఎస్, ఏ అనే తొలి అక్షరాలను కలిపి పలికితే వచ్చినదే ఆ పేరు. తరువాత ఆండర్సన్ చిత్రీకరణ కోసం పడమటి ప్రాంతాలకు తరలి, 1912 నుండి కాలిఫోర్నియాలోని నైల్స్ గ్రామాన్ని కేంద్రంగా చేసుకున్నాడు. చార్లీ చాప్లిన్ 1915లో ఈ సంస్థలో పనిచేశాడు. "ది ట్రాంప్" చిత్రం నైల్స్‌లోనే రూపొందింది.

బ్రాంకో బిల్లీ పాత్ర

ఆ రోజుల్లో చాలా చిత్రాలలో నటుల పేర్లు వేసేవారు కాదు. ప్రేక్షకులకు నిర్మాణ సంస్థ పేరే తెలిసేది. ఆండర్సన్ ఒకే పేరుగల పాత్రను చిత్రం వెంట చిత్రంగా కొనసాగించడంతో, జనం ఆ పాత్ర కోసమే సినిమాకు రాసాగారు. ఈ చిత్రాలు చాలావరకు ఒకటి, రెండు రీళ్ళ నిడివి గలవి. దారితప్పిన దొంగలోనూ మంచితనం ఉంటుందనీ, సమయం వచ్చినప్పుడు అది బయటపడుతుందనీ చూపే కథలు వీటిలో తరచుగా కనిపిస్తాయి. 1910 నాటి "బ్రాంకో బిల్లీస్ రిడెంప్షన్" ఇందుకు ఉదాహరణ. తరువాత వచ్చిన విలియం ఎస్. హార్ట్ చిత్రాలలోనూ ఇటువంటి కథానాయకుడే కనిపిస్తాడు.

చివరి దశ

పెద్ద నిడివి చిత్రాలకు ఆదరణ పెరుగుతున్న కాలంలో, 1916లో ఆండర్సన్ తన వాటాను స్పూర్‌కు అమ్మివేశాడు. 1920ల ఆరంభంలో స్టాన్ లారెల్‌తో హాస్యచిత్రాలు నిర్మించాడు. వాటిలో "ది లక్కీ డాగ్" లారెల్, ఆలివర్ హార్డీ కలిసి కనిపించిన మొదటి చిత్రం. అటు తరువాత సినీరంగానికి దూరమై, ప్రజల జ్ఞాపకం నుండి దాదాపు కనుమరుగయ్యాడు.

1958లో అమెరికా చలనచిత్ర అకాడమీ ఇతనికి గౌరవ ఆస్కార్ పురస్కారం ఇచ్చింది. 1965లో "ది బౌంటీ కిల్లర్" చిత్రంలో చిన్న పాత్రలో కనిపించాడు. 1971లో కాలిఫోర్నియాలో 90 ఏళ్ళ వయసులో మరణించాడు. నేడు ఫ్రీమాంట్ నగరంలో భాగమైన నైల్స్‌లో, ఎస్సనే పేరుతో ఉన్న మూకీ చిత్రాల ప్రదర్శనశాల ఇతని కృషిని గుర్తుచేస్తున్నది.