పదిహేనేళ్లకు నేరం, యాభై ఏళ్లకు గౌరవం

ఢిల్లీ చలికాలపు ఆదివారాలలో, మంచు తెర తొలగి ఎండ కాస్త వెచ్చబడే వేళకు, ఇండియా గేట్ పరిసరాలలో పల్లీలవాళ్లు, టీ వాళ్లు చేరుతారు. ఏడాదిలో కొన్ని ఆదివారాలు వారితో పాటు పాత కార్లు కూడా చేరుతాయి. మొన్నటి శీతకాలంలో అటువంటి ఒక ఉదయం ఈ వ్యాసకర్తకు ఒక ఇటాలియన్ స్పోర్ట్స్ కారులో చోటు దొరికింది. పార్లమెంటు సమావేశాలు, మంత్రివర్గ మార్పులు వ్రాసుకునే నాకు ఇంజన్ల శాస్త్రం తెలియదు. అయినా ఆ గంటసేపటి ప్రయాణంలో, రాజధాని నగరం తన పాత వస్తువులను ఏ దృష్టితో చూస్తున్నదో కొంత బోధపడింది. ఆ సంగతే ఈ వారం పాఠకులతో పంచుకోదలచాను.

కారు యజమాని నా మిత్రుడు. ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరు, డెబ్బై నాలుగేళ్ల పంజాబీ పెద్దమనిషి. కారు 1971లో తయారైన ఫియట్ 124 స్పైడర్. 1966లో టూరిన్ నగర ప్రదర్శనలో ఈ రకం తొలిసారి లోకానికి కనిపించింది. దాని రూపురేఖలు పినిన్‌ఫరీనా సంస్థలో టామ్ చార్డా అనే అమెరికన్ దిద్దినవి. ఇంజను రూపొందించిన అవురేలియో లాంప్రెది అంతకు పూర్వం ఫెరారీ కార్లకు ఇంజన్లు సమకూర్చినవాడు. మన రోడ్లమీద నాలుగు గేర్ల అంబాసిడర్లు, ఫియట్లు ఎక్కువగా తిరుగుతున్న ఆ రోజుల్లో, 1608 సి.సి. సామర్థ్యం గల ఈ బండికి అయిదు గేర్లు, రెండు వెబర్ కార్బురేటర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్నాయంటే ఆనాటి కుర్రకారు ఎంత ఆశగా చూసి ఉంటారో ఊహించవచ్చు.

ఇటువంటి కారు మన దేశానికి ఎట్లా వచ్చిందన్న ప్రశ్న సహజం. విదేశీ కారు దిగుమతి సామాన్యునికి అందని ద్రాక్షగా ఉన్న కాలమది. ఢిల్లీలోని రాయబార కార్యాలయాల ఉద్యోగులు తమ వెంట కార్లు తెచ్చుకునేవారు. బదిలీపై వెళ్లేటప్పుడు వాటిలో కొన్ని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి. మా మిత్రుని స్పైడర్ కూడా ఆ దారినే ఒక వ్యాపారి ఇంటికి చేరి, కొన్నేళ్లు మురిపించి, చివరకు పెరట్లో వేపచెట్టు క్రింద చతికిలబడింది. 2009లో ఆయన దానిని కొనేనాటికి సీట్లలో ఎలుకలు కాపురం ఉన్నాయి. తుప్పు పట్టిన అడుగు రేకులోంచి నేల కనిపించేది.

దానిని తిరిగి నడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. పాత కారు బాగుచేయడమంటే డబ్బు విసరడమే అనుకునేవారికి ఈ నాలుగేళ్ల కథ కనువిప్పు. మాయాపురి తుక్కు బజారులోను, కశ్మీరీ గేటు విడిభాగాల దుకాణాలలోను ఆయన గడిపిన శనివారాలకు లెక్కలేదు. ఈ స్పైడర్‌కు మాతృక ఫియట్ 124 అనే మామూలు కుటుంబపు కారు. రష్యాలో 1970 నుంచి తయారైన లాడాకూ, మన దేశంలో 1985లో వచ్చిన ప్రీమియర్ 118 ఎన్.ఇ.కీ మూలం అదే. ఆ చుట్టరికం పనికివచ్చింది. తుక్కుగా పడిఉన్న ఒక 118 ఎన్.ఇ. నుంచి ఊడదీసిన చిన్న సామాను కొంత ఈ ఇటలీ దొరసానికి సరిపోయిందట!

అయితే అసలు పని చేసినవాడు కరోల్‌బాగ్ ప్రాంతపు వృద్ధ మెకానిక్. అందరూ ఆయనను ఉస్తాద్‌జీ అంటారు. ఈ ఇంజనులో వాల్వులను నడిపించేది గొలుసు కాదు, పళ్లున్న రబ్బరు బెల్టు. అది తెగితే వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజను నాశనమయ్యే ప్రమాదం ఉన్నది. ఉస్తాద్‌జీ కొత్త బెల్టు బిగించి, మీట వాడకుండా ఇంజనును చేత్తో రెండు చుట్లు త్రిప్పి, ఎక్కడా తగలడం లేదని నిశ్చయించుకున్న తరువాతనే తాళం చెవి మా మిత్రుని చేతికిచ్చాడట. రెండు కార్బురేటర్లు సమానంగా గాలి పీలుస్తున్నవో లేదో ఆయన రబ్బరు గొట్టం చెవికి ఆనించుకుని వింటాడు. ఆ చెవికున్న విద్య ఏ పుస్తకంలోనూ లేదు. ఇద్దరు కుమారులూ వేరే ఉద్యోగాలలో కుదురుకున్నారు.

ఆ ఉదయం చేరిన బృందంలో ఇరవైమంది దాకా ఉంటారు. స్టాండర్డ్ హెరాల్డ్ తెచ్చిన డాక్టరు, పాత ఫియట్ 1100 తెచ్చిన బ్యాంకు మేనేజరు, అన్న కారు తనదని చెప్పుకుంటున్న ఒక తమ్ముడు. కలుసుకోగానే వారు ఒకరి ఆరోగ్యం ఒకరు అడగరు, బండ్ల ఆరోగ్యం అడుగుతారు. స్పైడర్ ఎరుపు రంగు అసలు ఎరుపేనా, ఒక వన్నె ముదిరిందా అన్న వాదం టీ చల్లారేదాకా సాగింది. కాని హెరాల్డ్ మొరాయించి నిలిచిపోగానే ఆ వాదులాడినవారే చొక్కా చేతులు మడిచి దాని బోనెట్ క్రింద తలలు దూర్చారు. ఒకరి డిక్కీలోని ఫ్యాన్ బెల్టు ఇంకొకరి కారును ఇంటికి చేర్చింది.

ఢిల్లీలో ఈ ముచ్చట కొత్తది కాదు. స్టేట్స్‌మన్ పత్రిక పాత కార్ల ర్యాలీని 1964లోనే ఆరంభించింది. తెలుగువారికి అందులో ఒక చుట్టం కూడా ఉన్నది. నిజాం రైల్వే కోసం 1914లో ఇంగ్లండులో జాన్ మారిస్ కంపెనీ తయారుచేసిన అగ్నిమాపక శకటం, ఇప్పుడు జాతీయ రైలు మ్యూజియం సొత్తుగా, ఆ ర్యాలీలో పాల్గొంటూ వచ్చింది.

ఇంతవరకు వినోదమే. చిక్కు ఇక్కడ మొదలవుతుంది. స్పైడర్ 2013లో రోడ్డెక్కింది. పదిహేనేళ్లు దాటిన వాహనమేదీ రాజధానిలో తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 నవంబరులో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని బలపరచింది. మా మిత్రుని కారు ముసుగు కప్పుకున్నది. ఆయన మాత్రం నెలకొకసారి గ్యారేజీలోనే ఇంజను నడిపి వినేవాడు. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషను నాటి నుంచి యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని వాహనం ‘వింటేజ్’ అవుతుంది. ఇరవై వేల రూపాయల రుసుముతో పదేళ్లపాటు చెల్లే రిజిస్ట్రేషను లభిస్తుంది. నిత్యం వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకువెళ్లవచ్చు. స్పైడర్‌కు సరిగ్గా ఆ సంవత్సరమే యాభై నిండాయి!

పదిహేనేళ్లకు నేరం, యాభై ఏళ్లకు గౌరవం. మరి మధ్యనున్న ముప్ఫై అయిదేళ్లు ఏమి కావాలి? ఆ బృందంలో కారు లేకుండా వచ్చిన ఒక ఉపాధ్యాయిని ఉన్నారు. ఆమె తండ్రి 1984లో కొన్న ప్రీమియర్ పద్మినిని అనుమతి పత్రంతో రాజధాని ప్రాంతం దాటించి అజ్మీర్‌లో బంధువుల ఇంట ఉంచారు. అది వింటేజ్ అనిపించుకోవడానికి 2034 దాకా ఆగాలి. “అప్పటికి నాన్నగారికి తొంభై రెండేళ్లు. బండి ఆగుతుంది, ఆయన ఆగాలి కదా!” అని ఆమె నవ్వుతూనే అన్నారు. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరుతో సెలవు తీసుకున్నది. ఒకనాడు వీధి వీధినా ఉన్న బండి అపురూపమయ్యేదాకా బ్రతకడమే కష్టమన్నమాట.

ఢిల్లీ గాలి సంగతి మరచి ఈ మాటలు వ్రాయడం లేదు. నవంబరు వచ్చిందంటే మా ఇంట మనవరాలికి దగ్గు తప్పదు. రోజూ పొగ కక్కే బండిని రోడ్డు దింపవలసిందే. కాని 2025 జులైలో కాలం చెల్లిన వాహనాలకు పెట్రోలు పోయరాదన్న ఆదేశం ప్రజల వ్యతిరేకత వల్ల రోజుల వ్యవధిలోనే నిలిచిపోవడం, వయస్సొక్కటే కొలబద్ద కాలేదని తెలుపుతున్నది. ఏడాదికి మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగే బండికీ, దినమంతా తిరిగే లారీకీ ఒకే తక్కెడ న్యాయమా? ముప్ఫై, నలభై ఏళ్ల బండ్లను కూడా పొగ పరీక్షించి, ఏడాదికి ఇన్ని రోజులని పరిమితి పెట్టి బ్రతకనివ్వవచ్చు. లేకపోతే, యాభై ఏళ్లు నిండిన బండ్లు మిగిలినా వాటిని బాగుచేసే చేతులు మిగలవు. ఉస్తాద్‌జీ వంటివారికి అన్నం పెట్టేవి ఈ మధ్య వయస్కపు బండ్లే.

తిరుగు ప్రయాణంలో మా మిత్రుడు టాపు దించివేశాడు. చలిగాలి ముఖానికి కొట్టింది. అయిదవ గేరు పడగానే ఇంజను శబ్దం సన్నని పాటగా మారింది. ఆయన ఒక్కసారిగా మాట ఆపి, చెవి ఒగ్గి విన్నాడు.

“కుడివైపు కార్బురేటరు కాస్త తగ్గింది. రేపు ఉస్తాద్‌జీకి చూపించాలి, రావ్ సాహెబ్.”

నాకైతే ఏ తేడా వినిపించలేదు.