వాలుగ చేప దువ్విన దూది

బాలలూ! శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నఖద్దరు పేరు విన్నారు కదా? సెలవుల్లో ఆ ఊరు వెళితే బట్ట కొనుక్కుని ఊరికే వచ్చేయకండి. వడికేవారిని అడిగి, కాసేపు రాట్నం ముందు కూర్చోండి.

అక్కడ గింజతో ఉన్న పత్తిని ముందుగా వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆశ్చర్యంగా లేదూ! ఆ దవడ నిండా సన్నని పళ్ళు. పోగులన్నీ ఒకే వైపుకు వాలి, చెత్త రాలిపోతుంది. ఇంతకంటె మంచి దువ్వెన నేను చూడలేదు. తరువాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చేస్తారు.

ఇక వడకడం. కుడిచేత చక్రం తిప్పుతూ, ఎడమచేత ఏకును మెల్లగా వెనక్కు లాగాలి. లాగుడు ఎక్కువైతే దారం తెగుతుంది. పురి ఎక్కువైతే మెలికలు పడుతుంది. మొదటిరోజు మీకు తెగిన ముక్కలే మిగులుతాయి, దిగులుపడకండి. దూది దారమెట్లా అవుతుందంటారా? ఇంట్లోనే చిటికెడు దూది లాగి చూడండి, విడిపోతుంది. మెలిపెట్టి లాగండి, బిగుస్తుంది. పురి పడగానే పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకుంటాయి.

పొందూరులో 100వ నంబరు నూలు వడుకుతారు. అంటే 840 గజాల చిలపలు 100 కలిపితే ఒక్క పౌను, అనగా 454 గ్రాములే! ఆ దారం 76 కిలోమీటర్ల పైచిలుకు. శ్రీకాకుళంలో కొస పట్టుకుంటే విజయనగరం దాటుతుంది.

ఇప్పుడు అది వడికే చేతులు చాలావరకు ముసలమ్మలవే. తెగిన దారాన్ని ముడి కనబడకుండా ఎట్లా అతుకుతారో వారినే అడిగి నేర్చుకోండి.