మార్టిన్ ఎవరి పేరు?

మా గుంటూరు లూథరన్ కుటుంబాల్లో మార్టిన్ అన్న పేరు కొత్తేమీ కాదు. మా పెదనాన్న పేరూ అదే. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్‌కు పునాది వేశాడు. ఆ సంఘంలో పెరిగినవాళ్లు మార్టిన్ లూథర్ మీది గౌరవంతో పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. మరి లూథర్‌కు ఆ పేరు ఎక్కడిది?

రోమన్ల యుద్ధదేవుడు మార్స్. ఆయన పేరు నుంచే లాటిన్‌లో మార్టీనుస్ పుట్టింది. యూరప్ అంతటా దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం యుద్ధం వద్దన్న ఒక సైనికుడు, సెయింట్ మార్టిన్. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి హంగరీలోని సోంబట్‌హేయ్‌లో పుట్టాడు. తండ్రి సైన్యంలో అధికారి; కొడుకునూ సైన్యంలోనే చేర్చారు. ఫ్రాన్స్‌లోని అమియాన్ కోట గుమ్మం దగ్గర, గడ్డకట్టే చలిలో, ఒంటి మీద బట్టలేని బిచ్చగాడు కనిపిస్తే, తన అంగీని కత్తితో రెండుగా కోసి సగం కప్పాడని ఆయన జీవితం రాసిన సుల్పీసియుస్ చెబుతాడు. తర్వాత కొలువు వదిలేసి సన్యాసి అయ్యాడు. 371లో తూర్ నగర బిషప్‌గా ఎన్నికై, 397లో కన్నుమూశాడు. నవంబర్ 11న ఖననం చేశారు. ఆయన పండుగ ఆ రోజే. జర్మనీలో ఇప్పటికీ ఆ సాయంత్రం పిల్లలు కాగితపు లాంతర్లు పట్టుకుని వీధుల్లో ఊరేగుతారు. నాకైతే ఆ కత్తి చేసిన మంచిపనే ఈ పేరుకు అసలు వన్నె తెచ్చిందనిపిస్తుంది.

ఇటలీలో మార్టీనో, హంగరీలో మార్టోన్, డెన్మార్క్‌లో మోర్టెన్, ఫిన్లాండ్‌లో మార్టి, లాట్వియాలో మార్టిన్ష్. స్పెయిన్‌లో మార్టిన్ కొడుకు మార్టినెజ్ అయి, అదే ఇంటిపేరుగా నిలిచింది. ఫ్రాన్స్‌లో అందరికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మార్టినే.

లూథర్ 1483 నవంబర్ 10న ఐస్లెబెన్‌లో పుట్టాడు. మర్నాడే బాప్తిస్మం. అది సెయింట్ మార్టిన్ పండుగ కాబట్టి ఆ పేరే పెట్టారు. పునీతులను ప్రార్థించడం తగదని తర్వాత బోధించిన మనిషికి పేరు ఒక పునీతుడిదే. నాకు ఇందులో వైరుధ్యం కనపడదు. పేరు పెట్టింది తల్లిదండ్రులు, పండుగ రోజున.

అక్కడి నుంచి పేరు అట్లాంటిక్ దాటింది. 1929లో అట్లాంటాలో పుట్టిన ఒక పిల్లవాడి పేరు మైకేల్. 1934లో అతని తండ్రి, పాస్టర్, బాప్టిస్టుల ప్రపంచ మహాసభకు బెర్లిన్ వెళ్లాడు. జర్మనీలో లూథర్ తిరిగిన నేలను చూసి వచ్చి, తన పేరూ కొడుకు పేరూ మార్టిన్ లూథర్ అని మార్చుకున్నాడు. జనన ధ్రువపత్రంలో ఆ కొడుకు పేరు దిద్దింది 1957లో. అప్పటికే మోంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ గెలిచి, మార్టిన్ లూథర్ కింగ్ పేరు దేశమంతా తెలిసిపోయింది.