గోడ లోపలి సమాచారం: సైబరాబాద్ ఫ్లాట్ల పునరుద్ధరణలో ప్రణాళిక, నష్టభయం, పనివారి ప్రేరణ

ఉపోద్ఘాతం

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి పరిసరాలు క్రమంగా అపార్టుమెంట్లతో నిండిపోయాయి. ఆ తొలి దశలో కట్టిన ఫ్లాట్లకు ఇప్పుడు రెండు దశాబ్దాలు దాటాయి. ఇనుప పైపులు తుప్పు పట్టడం, స్నానాల గది నుండి కింది ఇంటి కప్పుకు చెమ్మ దిగడం, నాటి విద్యుత్ తీగలు నేటి ఏసీల భారాన్ని మోయలేకపోవడం వంటి కారణాల వల్ల వాటికి పెద్ద మరమ్మతులు అవసరమవుతున్నాయి. వాటి యజమానులలో చాలామందికి ప్రాజెక్టు నిర్వహణ నిత్యవృత్తి. పని విభజన, గడువుల పట్టిక, నష్టభయాల అంచనా వారికి కొత్తవి కావు. అయినా సొంత ఇంటి పనిలో గడువూ ఖర్చూ అదుపు తప్పుతుంటాయి. ప్రణాళికకు కావలసిన సమాచారం ఎవరి వద్ద ఉన్నదో గుర్తించకపోవడమే దీనికి ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

అంచనా, ముహూర్తం

మనిషి తన పనికి పట్టే కాలాన్నీ ఖర్చునూ తక్కువగా అంచనా వేసుకొనే స్వభావాన్ని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో వివరించారు. దీనిని తెలుగులో 'ప్రణాళికా భ్రమ' అనవచ్చు. అమెరికాలో వంటగదులను బాగుచేయించుకొన్న గృహస్థులపై 2002లో జరిగిన సర్వేను కానెమన్ తరువాత ఉదాహరించాడు. సగటున 18,658 డాలర్లు అవుతుందనుకొన్న పనికి 38,769 డాలర్లు ఖర్చయింది.

హైదరాబాదులో ఈ భ్రమకు ముహూర్తం తోడవుతుంది. ఆషాఢం రాకముందే ఇంట చేరాలన్న సంకల్పంతో తేదీని ముందు నిర్ణయించి, పనిని దానికి తగ్గట్టు వెనక్కి లెక్కగట్టడం పరిపాటి. ముహూర్తాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. సాఫ్ట్‌వేర్ విడుదల తేదీ కూడా అటువంటిదే. అయితే తేదీ కదలనప్పుడు కుదించుకుపోయేది కంటికి కనిపించని పనే. వాటర్‌ప్రూఫింగ్ చేసిన నేలపై ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిపి చూడడం, పుట్టీకి ముందు గోడను ఆరనివ్వడం ఎగిరిపోతాయి. సంక్రాంతికి శ్రీకాకుళం, పాలమూరు పనివారు, హోలీకి ఛఠ్‌కు బిహారు పనివారు ఊళ్లకు వెళ్లే రోజులు పట్టికలో చాలాసార్లు ఉండనే ఉండవు.

గోడ విప్పిన రోజు

కొత్త నిర్మాణంలో నష్టభయం ప్రధానంగా ముందున్న పనిలో ఉంటుంది. పునరుద్ధరణలో అది ఎప్పుడో, ఎవరో చేసి మూసివేసిన పనిలో ఉంటుంది. పాత ఫ్లాట్లు సాధారణంగా కాంక్రీటు స్తంభాలు, దూలాల నడుమ ఇటుక గోడలతో కట్టినవి. వాటిలో అడ్డుగోడ తీయడం ఇంజనీరు అనుమతితో సాధ్యం కావచ్చు. ఇటీవలి ఎత్తైన భవనాలలో వాడుకగా 'మైవాన్' అనే అల్యూమినియం అచ్చుల పద్ధతిలో గోడలనే కాంక్రీటుతో పోస్తారు. అక్కడ గోడే భవన భారాన్ని మోస్తుంది. పైపు కోసం దానిలో గాడి కొట్టడం కూడా ఆ అంతస్తుకే పరిమితమయ్యే తప్పిదం కాదు. ఇంటర్నెట్‌లో చూసిన 'ఓపెన్ కిచెన్' కోరిక ఈ తేడాను ఎరుగదు.

ఈ లోపలి స్థితిని మొదట చూసేది యజమాని కాదు, ఇంటీరియర్ సంస్థ ప్రతినిధి కూడా కాదు; ఉలీ సుత్తీ పట్టిన కూలీ. నష్టభయ నిర్వహణ అంతా అతడు ఆ క్షణంలో నోరు విప్పుతాడా లేదా అన్నదానిపై ఆధారపడుతుంది.

మేస్త్రీ, గుత్త, మౌనం

పోర్చుగీసు 'మెస్త్రె' నుండి వచ్చిన 'మేస్త్రీ' పదానికి నేర్పరి, గురువు అనే అర్థాలున్నాయి. నేటి ఫ్లాటు పనిలో మేస్త్రీ ఎక్కువగా మధ్యవర్తి. సంస్థ నుండి చదరపు అడుగు లెక్కన గుత్తకు తీసుకొని, తన ముఠాకు రోజుకూలి చెల్లిస్తాడు. టైల్స్ పరిచేవాడికి పైపు అతుకు వద్ద తడి కనిపించిందనుకొందాం. చెబితే పని ఆగుతుంది, ప్లంబరు రావాలి, ఆగిన రోజు కూలి ఎవరూ ఇవ్వరు. చెప్పకపోతే సాయంత్రానికి ఆ తడిమీద టైలు పడుతుంది. ఇక్కడి మౌనాన్ని నిర్లక్ష్యమనడం తొందరపాటు. చెల్లింపు పద్ధతి అతడికి నేర్పిన వివేకమది.

ఫ్రెడెరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో వేతనం, పని పరిస్థితుల వంటివి లోపిస్తే అసంతృప్తి కలుగుతుందనీ, ప్రేరణ మాత్రం గుర్తింపు, బాధ్యతల నుండి వస్తుందనీ వాదించాడు. గుత్తపనిలో ఈ రెండింటినీ విడదీయడం కష్టం. ఆగిన రోజుకు కూలి ముట్టడమే అక్కడ అతని మాటకు దక్కే గుర్తింపు. టొయోటా కర్మాగారాల్లో లోపం గమనించిన కార్మికుడు తాడు లాగి పనిని ఆపించగలడు. ఫ్లాటులో ఆ తాడుకు సమానమైనది ఒప్పందంలోని రెండు మూడు వాక్యాలు: దాగిన పని బయటపడితే దాని రేటు ముందే రాసుకోవడం, లోపం చూపి ఆపిన రోజుకు కూలి ఇవ్వడం, యజమాని చూడకుండా పైపులను మూయకపోవడం. సంస్థకు చెల్లించిన సొమ్ము ముఠాకు చేరుతున్నదో లేదో విచారించడం వీటన్నిటికీ ముందుండవలసినది.

పనిచేసేవారికి ఆ ఇంటిలోని మరుగుదొడ్డినీ భవనంలోని లిఫ్టునూ నిషేధించి, వారి నుండి 'మన ఇల్లు' అన్న భావాన్ని ఆశించడం ఈ కారిడార్‌లో అరుదు కాదు. చట్టం కూడా ఇక్కడ దూరంగానే ఉంది. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం మరమ్మతులను నిర్మాణపనిగానే పరిగణించినా, సొంత నివాసానికి 10 లక్షల రూపాయలకు మించని పనిని మినహాయించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతిలో ఆ పరిమితి 50 లక్షలకు పెరిగింది. పదో అంతస్తులో గ్రిల్లు తీసిన బాల్కనీ అంచున నిలబడి పనిచేసేవాడికి నడుముబెల్టు ఉండాలో లేదో చాలా ఇళ్లలో యజమానీ మేస్త్రీ మాట్లాడుకొని తేల్చుకోవలసిన విషయంగానే మిగిలింది.